పడని బారు

ఆదివారం ఆరాధన అయ్యాక
"బారు కొనడానికి బెజవాడ పోతున్నామండీ" అన్నాడు మా ఆయన
సంఘపెద్ద జకరయ్య గారితో, మామూలుగానే.
ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
కారు మీద బిగించే బారండీ, అని నేను అందుకునేసరికి
మెట్ల మీద సగం మంది నవ్వేశారు.

సంగతేమిటంటే
మా హెప్సిబా ఎగిరే గెడ పదమూడు అడుగులు.
మా పాత వ్యాగనార్ పన్నెండు.
ఆ ఒక్క అడుగు దగ్గరే మూడేళ్లుగా తట్టుకుంటున్నాం.

నరసరావుపేట బస్సులో కండక్టరు అన్నాడు,
"మనిషికి టిక్కెట్టుంది, వాసానికి లేదు, దింపండి."
రైల్లో సీట్ల కింద పడుకోబెడితే
బాపట్ల దాకా కనపడిన కాలికల్లా క్షమాపణ చెప్పుకున్నాను.
ఒకసారి ఆటోలో, ముందు ఆయన, వెనక నేను పట్టుకుని కూచుంటే
మూడు వంతెనల మలుపులో
కొట్టు ముందు వేలాడే అరటిగెల ఒకటి మాతో వచ్చేసింది.
డబ్బులిచ్చి తిన్నాం.

ఆటోనగర్‌లో చాలా షట్టర్లు దించే ఉన్నాయి.
బాజీ కొట్టు మాత్రం తెరిచి ఉంది.
అతను కారు చుట్టూ ఒకసారి తిరిగి
"దీనికి పైన పట్టాల్లేవు" అన్నాడు,
రిపోర్టు చూసిన డాక్టరులా, మెల్లగా.
పట్టాల్లేకపోతే తలుపు అంచుకి కొక్కేలు, కింద రబ్బరు మెత్తలు.
కాదంటే టాపుకి నాలుగు చిల్లులు.
చిల్లులనగానే మా ఆయన నెత్తి తడుముకున్నాడు.
"మొన్ననేగా ఇంటి శ్లాబు కారడం ఆపించాను!"

నల్లటి చదరపు ఇనుము, రెండువేల ఎనిమిదొందలు.
చేపలా కోలగా ఉన్న అల్యూమినియం, ఏడు వేలు.
ఇనుము అరవై దాటితే ఈల వేస్తుందట.
అల్యూమినియం నోరెత్తదట.
ఆయన ఇనుముని వేళ్లతో కొట్టి చెవి ఆనించి విన్నాడు,
పుచ్చకాయ బేరమాడినట్టు.

"ఎంత బరువు పెడతారమ్మా?"
రెండు కేజీలు, అన్నాను.
బాజీ నావంక చూశాడు.
"యాభై కేజీలు మోసే సరుకిది.
మంచాలేసుకుపోతారు. ఒకాయన గుర్రం బొమ్మ వేసుకుపోయాడు."
రెండు కేజీలే.
ల్యాబులో రోజంతా మిల్లీలీటర్లతో బతికేదాన్ని, ఎక్కువ చెప్పలేను.
ఆ గెడకి ఇంకా పదకొండు వాయిదాలు కట్టాలి,
ఆ బరువు బారు మీద పడదులే.

హెప్సి అప్పటిదాకా పలకలేదు.
లేచొచ్చి, బిగించి చూపిస్తున్న ఇనుముని
అరచేత్తో పైకి నెట్టింది, పక్కకి లాగింది, వదిలేసింది.
"ఇది పడదా?"
"పడితే నా పేరు మార్చుకుంటా" అన్నాడు బాజీ.

పిల్ల మళ్లీ నెట్టి చూసింది.
నాకప్పుడు వెలిగింది.
దాని లోకంలో బారంటే
రెండు మేకుల మీద ఊరికే ఆనించేది.
మోకాలు తగిలినా, చొక్కా అంచు తగిలినా,
ఒక్కోసారి ఒట్టి గాలికి కూడా
టపీమని పడిపోవడమే దాని పని.
మూడు మీటర్ల ఇరవై దగ్గర అది పడే చప్పుడు
నిద్రలో వినపడినా నేను గుర్తుపడతాను.

ఇనుమే తీసుకున్నాం.
మూడొందలు తగ్గించి, గెడ చివర కట్టడానికి
ఎర్రగుడ్డ ఊరికే ఇచ్చాడు.

వారధి మీద గాలి.
ముల్లు అరవై దాటింది, నెత్తి మీద ఈల మొదలైంది,
కుక్కరు కూయబోయి ఆగినట్టు, సన్నగా, తెగకుండా.
ఆయన కంగారుపడి యాభైకి దించాడు.
"పోనీ నాన్నా, బాగుంది" అంది వెనక సీట్లోంచి,
ఎర్రగుడ్డ వేలికి చుట్టుకుంటూ.
మళ్లీ పోనిచ్చాడు.

కాజ టోలుగేటులో కుర్రాడు మెడ చాపి టాపు చూశాడు.
"ఏం తెస్తున్నారు సార్, పైన ఏం లేదే?"
"ఇంకా లేదు" అన్నాడు మా ఆయన.